ఎర్రకణాల మీద ఓ, లాలాజలంలో బీ: ఒక కిడ్నీ దాత కేసు

నేపథ్యం

రెండు కిడ్నీలూ పాడై డయాలిసిస్ మీద ఉన్న ఒక యువకుడికి కిడ్నీ ఇస్తానని అతని తల్లి ముందుకొచ్చారు. ఆమెకు యాభై దాటాయి. బీపీ లేదు, షుగర్ లేదు, కిడ్నీలు చక్కగా పనిచేస్తున్నాయి. పాత కార్డులో గ్రూపు ఓ పాజిటివ్ అని ఉంది. కొడుకుదీ ఓ పాజిటివే. తండ్రిది ఏ గ్రూపు, పైగా షుగర్ ఉంది కాబట్టి ఆయన ఇవ్వడానికి లేదు. కూతురి కార్డులోనూ ఏ అనే ఉంది. ట్రాన్స్‌ప్లాంట్ టీమ్ లెక్కలో ఇంతకన్నా తేలికైన జోడీ ఉండదు. ఆపరేషన్ తేదీ కూడా అనుకున్నారు. చివరిసారి గ్రూపు సరిచూడమని తల్లీకొడుకుల శాంపిల్స్ రక్త గ్రూపులు, యాంటీబాడీలు చూసే మా ఇమ్యునోహెమటాలజీ ల్యాబ్‌కు పంపారు.

ఎవరూ గుర్తుపట్టకుండా వ్యక్తిగత వివరాలు కొన్ని మార్చాను. పరీక్షలు ఏ వరుసలో చేశాం, ఒక్కో చోట ఎందుకు ఆగాం అన్నది మాత్రం మార్చలేదు. ఈ కేసు రాయడానికి కారణం అదే.

సమస్య

కొడుకు శాంపిల్‌లో ఏ పేచీ లేదు. తల్లి శాంపిల్‌లో ఫార్వర్డ్, అంటే ఆమె ఎర్రకణాలకు మన రీఏజెంట్లు కలిపి చూసేది, ఇలా వచ్చింది: యాంటీ-ఏ తో సున్నా, యాంటీ-బీ తో సున్నా, యాంటీ-ఏబీ తో సున్నా, యాంటీ-డీ (పాజిటివో నెగెటివో తేల్చేది) తో 4+, అంటే గుత్తులు కట్టడంలో అత్యధిక బలం. ఇంతవరకు నికార్సయిన ఓ పాజిటివ్. రివర్స్, అంటే ఆమె ప్లాస్మాకు గ్రూపు తెలిసిన కణాలు కలిపి చూసేది: ఏ1 (మామూలు ఏ) కణాలతో 4+, బీ కణాలతో సున్నా, ఓ కణాలతో సున్నా.

ఒంట్లో లేని యాంటీజెన్‌కు (కణాల మీద గ్రూపును తెలిపే గుర్తుకు) ప్లాస్మాలో దాన్ని పట్టుకునే యాంటీబాడీ ఉంటుందన్నది 1901 నాటి లాండ్‌స్టైనర్ పరిశీలన నుంచి వస్తున్న సూత్రం. ఓ గ్రూపు ప్లాస్మా ఏ కణాలనూ బీ కణాలనూ రెండింటినీ గుత్తులు కట్టించాలి. ఈమె ప్లాస్మా బీ కణాల జోలికి పోలేదు. కణాలు ఓ అంటుంటే ప్లాస్మా బీ అంటోంది.

ఇదే ఫలితం రక్తం ఎక్కించాల్సిన పేషంటుకు వస్తే కంగారు అక్కర్లేదు. గ్రూపు తేలేదాకా ఓ ఎర్రకణాలు, ఏబీ ప్లాస్మా ఇస్తూ ఉంటే సరిపోతుంది. ఇక్కడ ఆమె పుచ్చుకునే మనిషి కాదు, ఇచ్చే మనిషి. ఇచ్చేది కూడా రక్తం కాదు. ఏ, బీ యాంటీజెన్లు ఎర్రకణాలతో ఆగవు. రక్తనాళాల లోపలి పొర మీద, ఎన్నో అవయవాల కణాల మీద ఉంటాయి. బీ గ్రూపు కిడ్నీని యాంటీ-బీ ఉన్న మనిషికి ముందస్తు చికిత్స లేకుండా పెడితే, నాళాలు గడ్డకట్టి ఆ కిడ్నీ గంటల్లోనే పోయే ప్రమాదం ఉంది. అందుకే "యాంటీ-బీ బాగా తక్కువై ఉంటుంది, ఓ అని ఇచ్చేద్దాం" అన్న మాట ల్యాబ్‌లో వినిపించినా, అది నిజంగా తక్కువో, అసలు లేదో తేలకుండా రిపోర్టు వదలకూడదనుకున్నాం. ఆపరేషన్ వాయిదా వేయమని టీమ్‌కు చెప్పడం అంత సులువుగా జరగలేదు. కుటుంబానికి అప్పటికే చాలా టెన్షన్ ఉంది.

మొదట పక్కన పెట్టిన కారణాలు

కొత్త శాంపిల్ తీయించాం. ఫలితం అదే. కాబట్టి ట్యూబులు మారలేదు.

తర్వాత చరిత్ర. గ్రూపింగ్ చిక్కుల్లో సగం పేషంటుతో మాట్లాడితేనే విడిపోతాయి. బీ మనిషికి ఈమధ్యే చాలా ఓ రక్తం ఎక్కించి ఉంటే ఫార్వర్డ్‌లో బీ మరుగున పడుతుంది. ఆమెకు రక్తం ఎప్పుడూ ఎక్కించలేదు. ఓ గ్రూపు దాత నుంచి బోన్‌మ్యారో మార్పిడి జరిగిన బీ మనిషిలో అచ్చం ఇదే బొమ్మ కనిపిస్తుంది: కొత్త మ్యారో ఓ కణాలు తయారుచేస్తుంది, ఒళ్లు మాత్రం బీ గానే ఉండిపోతుంది, అందుకని యాంటీ-బీ పుట్టదు. అదీ జరగలేదు. ఈ పోలిక మాత్రం నా మనసులో ఉండిపోయింది. రక్తకణాలు ఒక గ్రూపు, మిగతా ఒళ్లు ఇంకో గ్రూపు అయితే కనిపించే బొమ్మ ఇదే కదా.

లుకేమియాలో, మైలోడిస్‌ప్లేసియాలో (మూలుగ రక్తకణాలను సరిగ్గా తయారుచేయని జబ్బు) ఏబీఓ యాంటీజెన్లు మాయమయ్యే సందర్భాలున్నాయి. జన్యువు ప్రమోటర్ (చదవడం మొదలుపెట్టించే భాగం) మీద మిథైల్ గుర్తులు పేరుకుని దాని నోరు నొక్కేయడం అందుకు ఒక కారణం. దాతగా వచ్చిన మనిషిలో ఇది దాగి ఉంటే ఇంకా పెద్ద సమస్య. బ్లడ్ కౌంట్, స్మియర్ మామూలుగా ఉన్నాయి. పైగా పాత కార్డులోనూ ఓ అనే ఉందంటే ఇది నిన్నమొన్న వచ్చిన మార్పు కాదు.

యాంటీ-బీ నిజంగా లేదా అన్నది తేల్చడానికి రివర్స్‌ను 4 డిగ్రీల దగ్గర, ఎక్కువ సేపు ఉంచి మళ్లీ చేశాం. ఓ కణాలను, ఆమె సొంత కణాలను పక్కన కంట్రోల్‌గా పెట్టాం. చల్లదనంలో ఇతర యాంటీబాడీలు కూడా లేస్తాయి, కంట్రోల్ లేకపోతే ఆ ఫలితానికి విలువ లేదు. బీ కణాలతో అప్పుడూ సున్నానే. ఇమ్యునోగ్లోబులిన్లు సరిగానే ఉన్నాయి. అవి తగ్గినందువల్లే యాంటీ-బీ లేకపోతే యాంటీ-ఏ మాత్రం 4+ బలంతో ఎలా ఉంటుంది? ఒక్క యాంటీ-బీ మాత్రమే లేదంటే అది యాంటీబాడీల కొరత కాదు, బీ ని ఆమె ఒళ్లు తనదే అనుకుంటోందని అర్థం.

బాంబే ఫినోటైప్ కూడా గుర్తొస్తుంది. 1952లో తొలిసారి బాంబేలో బయటపడిన ఈ రకంలో హెచ్ యాంటీజెనే ఉండదు కాబట్టి ఏ, బీ కట్టుకోవడానికి పునాది ఉండదు. కానీ ఆ మనుషుల ప్లాస్మా ఓ కణాలను కూడా గట్టిగా పట్టుకుంటుంది, ఈమెది పట్టుకోలేదు. హెచ్‌ను గుర్తించే లెక్టిన్‌తో ఆమె కణాలు 4+ ఇచ్చాయి, మామూలు ఓ కణాల్లాగే. పునాది నిండుగా ఉంది. దాని మీద బీ కట్టే పని జరగలేదు.

బలహీన బీ కోసం వెతుకులాట

బీ లో ఉపరకాలు చాలా ఉన్నాయి. బీ3 లో మిక్స్‌డ్ ఫీల్డ్ వస్తుంది, అంటే కొన్ని కణాలు గుత్తులు కడతాయి, కొన్ని కట్టవు. బీఎక్స్ లో కణాలు కాస్తో కూస్తో పట్టుకుంటాయి, ప్లాస్మాలో కొద్దిగా యాంటీ-బీ ఉండొచ్చు. బీఈఎల్, బీఎం రెండింటిలో నేరుగా చేసే పరీక్షకు ఏమీ దొరకదు. కణాల మీద బీ ఎంత తక్కువంటే అడ్సార్ప్షన్-ఎల్యూషన్ చేస్తే తప్ప బయటపడదు. వేరే వేరే క్లోన్ల యాంటీ-బీ లతో, చల్లగా ఉంచి, పపైన్ పట్టించిన కణాలతో కూడా చూశాం. అన్నీ సున్నా. అంటే చివరి రెండు రకాల మధ్యే తేల్చుకోవాలి.

అడ్సార్ప్షన్-ఎల్యూషన్ సూత్రం తేలికే: కణాలను యాంటీ-బీ లో చల్లగా నానబెట్టాలి, పట్టుకోనిదంతా కడిగేయాలి, తర్వాత వేడి చేసి పట్టుకున్నదాన్ని విడదీసి, ఆ ద్రవం బీ కణాలను గుత్తులు కట్టిస్తుందేమో చూడాలి. చేతిలో ఉన్న మోనోక్లోనల్ (ఒకే క్లోన్ నుంచి వచ్చిన) యాంటీ-బీ తో మొదలుపెడితే ఏమీ రాలేదు. గ్రూపింగ్ సీసాలోని మోనోక్లోనల్ నేరుగా చేసే పరీక్షకు తీర్చిదిద్దినది. ఇలా పట్టించి విడదీసే పనికి ఒక్కో క్లోన్ ఒక్కోలా ప్రవర్తిస్తుంది, కొన్ని అసలు పనికిరావు. ఏ గ్రూపు మనుషుల సీరమ్ నుంచి తీసిన పాలీక్లోనల్ యాంటీ-బీ తెప్పించి మళ్లీ చేశాం. ఈసారి ఎల్యూయేట్ (విడదీసిన ఆ ద్రవం) వేర్వేరు దాతల బీ కణాలన్నింటితో బలహీనంగానైనా స్పష్టంగా పట్టుకుంది. ఓ కణాలతో పట్టుకోలేదు. చివరి కడుగు నీళ్లలో యాంటీ-బీ లేదు. పక్కనే అదే పద్ధతిలో నడిపిన మామూలు ఓ కణాల ఎల్యూయేట్ సున్నా ఇచ్చింది. ఆఖరి రెండు కంట్రోల్స్ లేకుండా ఈ పరీక్షను నమ్మి ఉండేవాణ్ని కాదు. కడగడంలో కొద్దిగా తేడా వస్తే చాలు, ఎవరి కణాలైనా బీ లాగా కనిపిస్తాయి.

అంటే ఆమె ఎర్రకణాల మీద బీ ఉంది, చిటికెడంత.

ఆ తర్వాత లాలాజలం. లూయిస్ అనే ఇంకో రక్త గ్రూపును బట్టి ఆమె సీక్రెటర్ (ఈ పదార్థాలు లాలాజలంలోకీ వచ్చే మనిషి) అని ముందే తెలిసింది. హెచ్, ఏ, బీ పదార్థాలు లాలాజలంలోకి రావాలంటే ఎఫ్‌యూటీ2 జన్యువు పనిచేయాలి, సీక్రెటర్లలో అది పనిచేస్తుంది. లాలాజలాన్ని మరిగించి, పైనున్న తేటను పలచన చేసిన యాంటీ-బీ లో కలిపి, తర్వాత బీ కణాలు వేసి చూశాం. లాలాజలంలో బీ పదార్థం ఉంటే అది యాంటీ-బీ ని ముందే పట్టేసుకుంటుంది, కణాలు గుత్తులు కట్టవు. ఆమె లాలాజలం యాంటీ-బీ ని పూర్తిగా ఆపేసింది. మామూలు బీ సీక్రెటర్ లాలాజలాన్ని ఎంత పలచన దాకా నడిపామో, ఈమెదీ దాదాపు అంతవరకే పనిచేసింది. యాంటీ-ఏ ని ఆపలేదు.

బీఈఎల్ లో లాలాజలంలో హెచ్ మాత్రమే ఉంటుంది, బీ ఉండదు. కాబట్టి ఇది బీఎం.

సీక్వెన్సింగ్ దగ్గర ఆగిపోవడం

బీఎం అన్న పేరు దొరికింది కానీ ట్రాన్స్‌ప్లాంట్ టీమ్ అడిగిన ప్రశ్నకు జవాబు దొరకలేదు. వాళ్ల ప్రశ్న సూటిగా ఉంది: "ఈ కిడ్నీ ఓ నా, బీ నా?"

జన్యు పరీక్షకు పంపాం. సాధారణ ఏబీఓ కిట్ బీ/ఓ అని ఇచ్చింది. ఆరో, ఏడో ఎక్సాన్ల (జన్యువులో కోడ్ ఉన్న ముక్కల) సీక్వెన్సింగ్‌లో కూడా ఒక వైపు లోపం లేని బీ, రెండో వైపు 261వ స్థానంలో ఒక గ్వానిన్ పోయిన మామూలు ఓ. మిగతా ఎక్సాన్లు, స్ప్లైసింగ్ అంచులు (ఎక్సాన్లు అతుక్కునే చోట్లు), ప్రమోటర్ అన్నీ శుభ్రం. రిపోర్టులో "మ్యుటేషన్ ఏదీ లేదు" అని వచ్చింది.

దీంతో చర్చ రెండుగా చీలింది. జన్యువు మామూలు బీ అయితే కణాలు ఓ లా ఎందుకున్నాయి, మీ సీరాలజీలోనే (యాంటీబాడీలతో చేసిన పరీక్షల్లోనే) తప్పుందేమో అని కొందరు. కణాల మీద బీ లేనట్టే కదా, బలహీన ఉపరకమే కదా, ఏ2 (ఏ లో ఒక బలహీన రకం) కిడ్నీలను ఓ వాళ్లకు పెడుతున్నట్టే ఇదీ పెట్టొచ్చు కదా అని ఇంకొందరు. రెండో వాదన పైకి బలంగానే కనిపిస్తుంది. ఏ2 దాతల కిడ్నీలను యాంటీ-ఏ తక్కువగా ఉన్న ఓ పేషంట్లకు దశాబ్దాలుగా పెడుతున్నారు, బాగానే నిలుస్తున్నాయి.

ఆ పోలిక ఎక్కడ తప్పుతుందో చెప్పాలంటే ఏబీఓ జన్యువు పనితీరు కొంచెం చూడాలి. ఇది 9వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, ఏడు ఎక్సాన్లు. అది తయారుచేసేది యాంటీజెన్‌ను కాదు, ఒక ఎంజైమ్‌ను. ఏ ఎంజైమ్ హెచ్ మీద ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమీన్ అనే చక్కెరను అతికిస్తుంది, బీ ఎంజైమ్ గెలాక్టోజ్‌ను అతికిస్తుంది. రెండు ఎంజైమ్‌ల మధ్య తేడా నాలుగు అమైనో ఆమ్లాలే. 1990లో ఈ జన్యువును విడదీశాక ఉపరకాల కథలు చాలావరకు ఎంజైమ్ లోపాలుగానే బయటపడుతూ వచ్చాయి. ఏ2 లో జన్యువు చివర ఒక సైటోసిన్ పోయి, ఎంజైమ్‌కు 21 అమైనో ఆమ్లాల అక్కర్లేని తోక వస్తుంది. పనితనం తగ్గుతుంది. ఆ బలహీన ఎంజైమ్ ఎర్రకణాల తల్లికణంలోనూ అదే, కిడ్నీ నాళంలోనూ అదే. అందుకే ఏ2 లో రక్తకణాన్ని చూసి కిడ్నీ గురించి ఒక అంచనాకు రావచ్చు.

ఈమె ఎంజైమ్ కోడ్‌లో లోపం లేదని సీక్వెన్సింగ్ రిపోర్టే చెబుతోంది. లాలాజలంలో బీ నిండుగా ఉందంటే లాలాజల గ్రంథిలో ఆ ఎంజైమ్ నిండుగా పనిచేస్తోంది. కాబట్టి లోపం ఎంజైమ్‌లో కాక, ఎర్రకణాల వంశంలో ఆ జన్యువును నడిపించే చోట ఉండాలి. ఇంట్లో మీటరు, వైరింగ్, బల్బులు అన్నీ బాగున్నా ఒక్క గది స్విచ్‌బోర్డు పీకేస్తే ఆ గదే చీకటిగా ఉంటుంది. ఆ చీకటి గది చూసి ఇంటికి కరెంటు లేదనలేం.

ఇలా ఆలోచించడానికి డఫీ గ్రూపు నాకు దారి చూపింది. పశ్చిమ ఆఫ్రికా మూలాలున్న చాలామంది ఎర్రకణాల మీద డఫీ యాంటీజెన్ ఉండదు. 1995లో తేలిందేమిటంటే, వాళ్ల జన్యువులో ప్రొటీన్ కోడ్‌కు ఏమీ కాలేదు; దానికి ముందున్న ప్రమోటర్‌లో, మైనస్ 67వ స్థానంలో ఒక్క అక్షరం మారి, గాటా-1 అనే ప్రొటీన్ కూర్చునే చోటు చెడిపోయింది. గాటా-1 ఎర్రకణాల వంశానికి మేస్త్రీ లాంటిది కాబట్టి దెబ్బ ఎర్రకణాలకే తగిలింది. నాళాల లోపలి పొర మీద డఫీ-బీ మామూలుగానే ఉంటుంది. అందుకే ఆ మనుషులు డఫీ-బీ ఉన్న రక్తం ఎక్కించినా దానికి యాంటీబాడీ తయారుచేయరు. ఎర్రకణం మీద లేదు, ప్లాస్మాలో యాంటీబాడీ లేదు: మా దాత బొమ్మ కూడా ఇదే. వివాక్స్ మలేరియా క్రిమి ఎర్రకణంలోకి దూరడానికి సాధారణంగా డఫీ తలుపు కావాలి కాబట్టి ఈ మార్పు వాళ్లకు రక్షణగా మారింది, అది వేరే కథ.

పనిచేసిన పరీక్ష

ఏబీఓ జన్యువుకు కూడా ఎర్రకణాల వంశానికే ప్రత్యేకమైన ఎన్‌హాన్సర్, అంటే జన్యువు పనిని పెంచే స్విచ్, ఒకటి ఉంది. 2012లో జపాన్ పరిశోధకులు దాన్ని మొదటి ఇంట్రాన్‌లో (ఎక్సాన్ల మధ్య కోడ్ లేని ముక్కలో) పట్టుకున్నారు. జన్యువు చదవడం మొదలయ్యే చోటు నుంచి దాదాపు 5.8 కిలోబేస్‌ల (5,800 అక్షరాల) దూరంలో ఉంటుంది. గాటా-1, రంక్స్-1 అనే ప్రొటీన్లు దాని మీద కూర్చుని జన్యువును నడిపిస్తాయి. జపాన్‌లో కనిపించే బీఎం మనుషుల్లో దాదాపు అందరికీ ఈ ఎన్‌హాన్సర్‌ను మింగేసిన ఒక డిలీషన్ (డీఎన్ఏ ముక్క పోవడం) ఉందని ఆ బృందమే చూపించింది. ఆ డిలీషన్ పొడవు కూడా దాదాపు 5.8 కిలోబేస్‌లే. ఒకటి దూరం, ఒకటి పొడవు. అంకె కలవడం యాదృచ్ఛికం, చదివేటప్పుడు కలగాపులగం చేసుకోవద్దు. డిలీషన్ లేకుండా గాటా చోటులోనో రంక్స్ చోటులోనో ఒక్క అక్షరం మారిన బీఎం మనుషులు కూడా ఉన్నారు.

మరి సీక్వెన్సింగ్‌లో ఇంత పెద్ద ముక్క పోయినట్టు ఎందుకు కనిపించలేదు? మొదటి కారణం, ఇంట్రాన్లను ఎవరూ చదవలేదు. రెండోది ఇంకా ముఖ్యం: చదివినా కనిపించేది కాదు. పోయిన భాగంలో ప్రైమర్లు (నకలు మొదలయ్యే చోటును గుర్తించే చిన్న ముక్కలు) పెట్టి పీసీఆర్ (డీఎన్ఏ నకళ్లు తీసే పరీక్ష) చేస్తే రెండో క్రోమోజోమ్ మీదున్న ఓ జన్యువు నుంచి నిండైన ఉత్పత్తి వస్తుంది. చదివితే శుభ్రంగా ఉంటుంది. ఒకే వైపు పెద్ద ముక్క పోతే మామూలు సీక్వెన్సింగ్‌కు రెండో వైపు ముసుగు వేస్తుంది.

అందుకే గ్యాప్ పీసీఆర్. ప్రైమర్లను పోయిన ముక్కకు బయట, రెండు పక్కలా పెట్టాలి. మామూలు క్రోమోజోమ్‌లో ఆ రెండింటి మధ్య దూరం చాలా ఎక్కువ, తక్కువ సమయం ఇస్తే ఉత్పత్తి రాదు. ముక్క పోయిన క్రోమోజోమ్‌లో రెండు ప్రైమర్లూ దగ్గరకొస్తాయి, చిన్న బ్యాండ్ కనిపిస్తుంది. ఆమెలో బ్యాండ్ వచ్చింది. మామూలు బీ, మామూలు ఓ కంట్రోల్స్‌లో రాలేదు. బ్యాండ్‌ను సీక్వెన్స్ చేస్తే అతుకు కనిపించింది, ఎన్‌హాన్సర్ ఉన్న భాగం మొత్తం పోయింది.

ఒక సందేహం మిగిలింది. ఈ డిలీషన్ బీ ఉన్న క్రోమోజోమ్ మీదే ఉందా, ఓ ఉన్నదాని మీదా? ఓ మీద ఉంటే అది దేనికీ కారణం కాదు, ఎందుకంటే అక్కడ ఎంజైమే రాదు. దీన్ని కుటుంబం తేల్చింది. కొడుకుకు తల్లి నుంచి ఓ వచ్చింది. అతనిలో డిలీషన్ లేదు. కూతురిని పిలిపించి చూస్తే, ఏ గ్రూపు అని రాసి ఉన్న ఆమె ప్లాస్మాలోనూ యాంటీ-బీ లేదు. ఏ వాళ్లకు యాంటీ-బీ ఉండాలి. జన్యు పరీక్షలో తండ్రి నుంచి ఏ, తల్లి నుంచి బీ, దాంతోపాటే డిలీషన్. అంటే ఆమె ఏబీఎం. డిలీషన్ బీ తో కలిసి ప్రయాణిస్తోంది.

నిర్ణయం

ఈలోగా ఇంకో పరీక్ష ఫలితం గొడవ తెచ్చింది. కొడుకు ప్లాస్మాకూ తల్లి ఎర్రకణాలకూ మధ్య క్రాస్‌మ్యాచ్ (రెండూ కలిపి చూసే పరీక్ష) కంపాటిబుల్, అంటే పొసగుతాయని వచ్చింది. లింఫోసైట్ క్రాస్‌మ్యాచ్ కూడా నెగెటివ్. ఇక అడ్డేమిటని టీమ్ అడిగింది. మొదటిది ఎర్రకణాల మీదే ఆధారపడిన పరీక్ష; ఆ కణాల మీదే బీ లేనట్టుంది కాబట్టి కొడుకు యాంటీ-బీ కి పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. రెండోది హెచ్‌ఎల్ఏ (తెల్లకణాలు, ఇతర కణాల మీద ఉండే వేరే గుర్తులు) యాంటీబాడీల కోసం చేసేది, ఏబీఓ గురించి అది హామీ ఇవ్వదు. కొడుకు ప్లాస్మాలో యాంటీ-బీ టైటర్ (ఎంత పలచన చేసినా పనిచేస్తుందో చెప్పే అంకె) 64 దాకా ఉంది. మాటలకన్నా చూపించడం మేలని, కొడుకు ప్లాస్మాలో తల్లి లాలాజలం కలిపి బీ కణాలు వేశాం. అతని యాంటీ-బీ ఆగిపోయింది. అతని యాంటీబాడీ పట్టుకునే పదార్థం తల్లి ఒంట్లో ఉందన్నది ఆ ట్యూబుతో అందరికీ అర్థమైంది.

నెఫ్రాలజిస్ట్ మంచి అభ్యంతరం లేవదీశారు. లాలాజల గ్రంథి ఎపిథీలియం (గ్రంథుల, అవయవాల పై పొరల కణజాలం). కిడ్నీలో ప్రమాదం నాళాల ఎండోథీలియం (లోపలి పొర) దగ్గర. ఒకదాని సాక్ష్యం ఇంకోదానికి చెల్లుతుందా? నిజమే, నేరుగా చెల్లదు. ఎపిథీలియంలో ఏబీఓ ను నడిపే ప్రాంతం కూడా వేరే, జన్యువు దిగువన ఉంది. నా వాదన ఇలా సాగింది: పోయింది ఎర్రకణాల వంశపు స్విచ్ అని తెలుసు. నాళాల్లో బీ లేదని చెప్పే ఆధారం ఒక్కటీ మన దగ్గర లేదు. కిడ్నీని బీ అనుకుని, తీరా అది ఓ లాంటిదని తేలితే నష్టం కొంత అదనపు చికిత్స, కొంత ఆలస్యం. ఓ అనుకుని, తీరా బీ అని తేలితే నష్టం కిడ్నీ మొత్తం, ఆ తల్లి త్యాగం మొత్తం. రెండు పొరపాట్ల ధర సమానం కానప్పుడు ఆధారాలు చాలని చోట పెద్ద నష్టం వైపు నుంచి తప్పుకోవాలి. కిడ్నీని బీ గానే లెక్కించాలని అందరం ఒప్పుకున్నాం.

అలా లెక్కిస్తే రెండు దారులు. ఒకటి, ఏబీఓ పొసగని మార్పిడి: రిటుక్సిమాబ్ (యాంటీబాడీలు తయారుచేసే కణాల వంశాన్ని తగ్గించే మందు) ఇచ్చి, ప్లాస్మా మార్పిడితో యాంటీ-బీ టైటర్‌ను 8కో 16కో దించి ఆపరేషన్ చేయడం. అది చేయదగినదే, కానీ కొడుకుకు ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. రెండోది, జోడీల మార్పిడి, అంటే పొసగని రెండు జోడీలు తమ దాతలను మార్చుకోవడం. అందులో ఓ గ్రూపు దాత దొరకడమే కష్టం. ఓ దాతలు ఎవరికైనా ఇవ్వగలరు కాబట్టి వాళ్లకు సాధారణంగా మార్పిడితో పనుండదు. అదృష్టవశాత్తు ఒక దంపతుల జోడీ వేచి ఉంది. దాత అయిన భర్తది ఓ గ్రూపు, పేషంటు అయిన భార్యది బీ గ్రూపు. గ్రూపు పరంగా అడ్డులేదు కానీ గర్భాల వల్ల ఆమెలో భర్త హెచ్‌ఎల్ఏ కు యాంటీబాడీలు పుట్టాయి.

ఈ దారి నాకు నచ్చడానికి అసలు కారణం వేరే. మా దాత కిడ్నీ నాళాల్లో బీ నిండుగా ఉన్నా, అసలు లేకపోయినా, బీ గ్రూపు పేషంటుకు అది పొసగుతుంది. జవాబు దొరకని ప్రశ్నకు జవాబు అక్కర్లేకుండా పోయింది. హెచ్‌ఎల్ఏ క్రాస్‌మ్యాచ్‌లు రెండు వైపులా నెగెటివ్ వచ్చాయి, మార్పిడి జరిగింది. రెండు కిడ్నీలూ పనిచేస్తున్నాయి. తల్లి మాత్రం తన కిడ్నీ తన కొడుక్కే వెళ్లాలని మొదట పట్టుబట్టారు. ఆమెను ఒప్పించింది నేను చెప్పిన జన్యుశాస్త్రం కాదు, అవతలి జోడీ పరిస్థితి గురించి కోఆర్డినేటర్ చెప్పిన నాలుగు ముక్కలు.

ఆపరేషన్ రోజు ఆమెకు రక్తం అవసరమైతే ఏమివ్వాలో ముందే రాసిపెట్టాం: ఎర్రకణాలు ఓ, ప్లాస్మా బీ లేదా ఏబీ. ఓ ప్లాస్మాలో, ఏ ప్లాస్మాలో యాంటీ-బీ ఉంటుంది, ఆమె ఒంట్లో బీ ఉంది. ఓ అని రాసి ఉన్న మనిషికి ఓ ప్లాస్మా వద్దనడం థియేటర్‌లో ఎవరికీ తట్టే విషయం కాదు. చివరికి ఏదీ ఎక్కించాల్సిన పని పడలేదు.

మా దగ్గర మారినవి

అవయవ దాతల్లో ఫార్వర్డ్, రివర్స్ కలవకపోతే ఇప్పుడు మేం సీక్వెన్సింగ్ కన్నా ముందు లాలాజలం చూస్తాం. ఖర్చు తక్కువ, ఆ రోజే జవాబు. పైగా జన్యువులో ఎక్కడ వెతకాలో అదే చెబుతుంది: లాలాజలంలోనూ బీ బలహీనంగా ఉంటే ఎక్సాన్లు, లాలాజలంలో నిండుగా ఉంటే మొదటి ఇంట్రాన్. నాన్-సీక్రెటర్లలో ఈ సౌకర్యం లేదు. అక్కడ సీరమ్‌లో బీ ఎంజైమ్ పనితనం కొలిపించాలి, లేదా నేరుగా గ్యాప్ పీసీఆర్‌కు వెళ్లాలి. బయటి ల్యాబ్‌కు శాంపిల్ పంపేటప్పుడు "ఏబీఓ జీనోటైపింగ్" అని ఊరికే రాయం. ఎన్‌హాన్సర్ ప్రాంతాన్ని, డిలీషన్‌ను చూడగలరా అని అడిగి పంపుతాం.

ఏ గ్రూపు అని వచ్చి యాంటీ-బీ లేని శాంపిల్స్‌ను కూడా ఇప్పుడు తేలిగ్గా తీసుకోవడం లేదు. ముసలివాళ్లలో, పసిపిల్లల్లో యాంటీబాడీ తక్కువగా ఉండటం మామూలే. ఆరోగ్యంగా ఉన్న నడివయసు మనిషిలో అలా వస్తే మాత్రం మా కేసులోని కూతురు గుర్తొస్తుంది. ఆమె ఎప్పుడైనా ఒక ఏ పేషంటుకు కిడ్నీ ఇవ్వడానికి వెళ్తే ఇదే చిక్కు, ఈసారి ఇంకా తక్కువ అనుమానంతో, ఎదురవుతుంది. ఆమెకు రాతపూర్వకంగా ఒక కార్డు ఇచ్చాం, ప్లాస్మా విషయంతో సహా.

తీరని చిక్కు కంప్యూటర్‌తో. గ్రూపు గడిలో నాలుగు గ్రూపులు, లేదంటే "తేలలేదు" అన్నది, అంతే ఉన్నాయి. తల్లిని ఓ అని పెడితే ప్లాస్మా దగ్గర తప్పు, అవయవం దగ్గర పెద్ద తప్పు. బీ అని పెడితే ఇంకెక్కడైనా ఫార్వర్డ్ చేసినవాళ్లు ఓ చూసి శాంపిల్ మారిందని కంగారుపడతారు. "తేలలేదు" అని వదిలేస్తే సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఓ కణాలు, ఏబీ ప్లాస్మా ఇస్తుంది, అంటే ఆమెకు కావలసిందే ఇస్తుంది. కానీ ఆ మాట కనబడగానే ఎవరో ఒకరు మళ్లీ పరీక్ష చేసి ఓ అని "తేల్చేస్తారు". ప్రస్తుతానికి "తేలలేదు" అనే ఉంచి, తెరవగానే కనబడేలా ఒక వ్యాఖ్య పెట్టాం: బీఎం, మళ్లీ గ్రూపింగ్ చేసి మార్చవద్దు, దాతగా బీ, ముందు మా ల్యాబ్‌కు ఫోన్ చేయండి.